హుదా కళ్లు

సూర్యాపేట హైస్కూల్లో తెలుగు పద్యం చెప్పే ముస్లిం మాస్టారంటే ఆ రోజుల్లో అందరికీ అబ్దుల్ వహాబ్ గారే గుర్తొచ్చేవారు. ఆయన పెద్దకూతురు ఖుష్నుమా. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివి, మాస్టర్స్‌కని జర్మనీ వచ్చి, బ్రెమెన్‌లో ఉద్యోగం దొరికి అక్కడే ఉండిపోయింది. పెళ్లి మాట ఎత్తడం బంధువులంతా మానేసిన వయసుకు వచ్చింది. తండ్రి పోయాక తల్లి ఖుర్షీద్ బేగం, కొడుకు బాసిత్ దగ్గరికి వెళ్లింది. బాసిత్ గల్ఫ్‌లోని ఒక చిన్న రాజ్యంలో ఆసుపత్రి ఎక్స్‌రే టెక్నీషియన్. ఆ రాజ్యం పేరుతో మనకు పని లేదు. అక్కడ రాజు మాటే చట్టం, రాజును ప్రశ్నించినవాళ్లు ఉన్నట్టుండి కనిపించకుండా పోతారు. అది అందరికీ తెలుసు. జీతాలు మాత్రం నెల తిరిగేసరికి పడతాయి. బాసిత్ పంపిన డబ్బుతోనే ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు జరిగాయి.

ఖుష్నుమా పనిచేసే కంపెనీ పెద్దదేం కాదు. విమానాశ్రయం గేటు దగ్గర కెమెరాలో పడిన మనిషి ముఖాన్ని పాస్‌పోర్టులోని ఫొటోతో పోల్చి, ఇద్దరూ ఒకరేనా కాదా అని చెప్పే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. ఆమెకు ఆ పనంటే ఇష్టం. లక్ష ముఖాల్లోంచి ఒక ముఖాన్ని వెతికి పట్టడంలో పజిల్ విప్పినంత సరదా ఉండేది.

ఆమె ఇల్లు వేజర్ నదికి ఇవతల, నోయ్‌స్టాట్‌లో. పైఅంతస్తులో హుదా ఉండేది. బాసిత్ ఉన్న రాజ్యమే ఆమెదీ. సముద్రపు నీటి మీద పరిశోధన చేస్తూ యూనివర్సిటీలో డాక్టరేట్ చదువుతోంది. ఒక శనివారం మెట్లు ఊడ్చే వంతు ఎవరిదన్న విషయంలో ఇద్దరికీ చిన్న తగాదా వచ్చింది. తగాదా తీరేలోపు ఖుష్నుమా వంటింట్లోంచి బగారా అన్నం వాసన మెట్ల మీదికి పాకింది. హుదా చీపురు గోడకు ఆనించి, "ఇది తిన్నాక మాట్లాడుకుందామా?" అంది. స్నేహం అలా మొదలైంది.

కరోనా వచ్చి ఊరు తలుపులు మూసుకున్నాక ఆ స్నేహమే ఖుష్నుమాకు దిక్కయింది. ఆఫీసు మూతపడింది. వంటింటి బల్లే ఆఫీసయింది. ఒక ఇంటివాళ్లు బయటివాళ్లలో ఒక్కరినే కలవచ్చని ప్రభుత్వం నియమం పెట్టినప్పుడు, ఇద్దరూ అడక్కుండానే ఒకరినొకరు ఎంచుకున్నారు. సాయంత్రాలు నది గట్టు మీద మాస్కులు పెట్టుకుని నడిచేవాళ్లు. హుదా గలగలా మాట్లాడేది. ఖుష్నుమా వినేది. వారమంతటిలో ఆమె చెవిన పడే మనిషి గొంతు, కంప్యూటర్లోంచి కాకుండా వచ్చేది, అదొక్కటే.

మాస్కులు వచ్చాక కంపెనీ నెత్తిన పిడుగు పడ్డట్టయింది. సగం ముఖం కప్పుకుంటే యంత్రానికి మనిషి ఆనవాలు దొరకడం లేదు. "కళ్లతో, కనుబొమలతో, నుదుటితో గుర్తుపట్టాలి. ఇది చేయగలిగినవాళ్లదే రేపటి మార్కెట్" అన్నాడు బాస్ లూడర్స్. ఆ పని ఖుష్నుమా బృందానికి వచ్చింది. యంత్రానికి నేర్పాలంటే మాస్కు వేసుకున్న ముఖాలు రకరకాలవి కావాలి. తెలిసినవాళ్లనందరినీ అడిగింది. హుదా కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని గుడ్డ మాస్కు, నీలం మాస్కు, పక్షి ముక్కులాంటి తెల్ల మాస్కు ఒక్కొక్కటే పెట్టుకుని ఫొటోలు తీయించుకుంది. చివర్లో నవ్వుతూ నల్ల చున్నీ తీసి, కళ్లు తప్ప ఏమీ కనిపించకుండా చుట్టుకుంది.

"మా అమ్మ బయటికి వెళ్తే ఇలాగే ఉంటుంది. నీ మిషన్ మా అమ్మను పట్టుకోగలదా, చూద్దాం!"

అప్పుడు పట్టుకోలేదు. కొన్ని వారాలు పోయాక, ఒక మధ్యాహ్నం అదే ఫొటో పెట్టి చూస్తే తెరమీద హుదా పేరు ఆకుపచ్చగా వెలిగింది. ఖుష్నుమా పరుగున పైకెళ్లి తలుపు తట్టింది. ఇద్దరూ మెట్ల మీదే చప్పట్లు కొట్టుకుని ఎగిరారు.

ఆ శరదృతువులో కొనుగోలుదారు దొరికాడు. బాసిత్ ఉన్న రాజ్యమే. విమానాశ్రయానికి కొంటున్నామన్నారు. బెర్లిన్ నుంచి ఎగుమతి అనుమతి కూడా వచ్చింది. తెర మీదే పార్టీ జరిగింది. ఆ పూట ఖుష్నుమా తమ్ముడికి ఫోన్ చేసి, "మేం చేసిందే మీ ఎయిర్‌పోర్టుకు వస్తున్నది బాసిత్!" అని గొప్పగా చెప్పుకుంది.

మరుసటి ఫిబ్రవరిలో ఉత్తర జర్మనీ అంతా మంచు కప్పేసింది. రైళ్లు ఆగిపోయాయి. అదే వారంలో హుదా తల్లికి కరోనా సోకి, ఊపిరి అందడం లేదని కబురొచ్చింది. హుదా ఏడవలేదు. పెట్టె సర్దుకుంటూ కూర్చుంది. ఖుష్నుమా పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతూ, "అక్కడికి పోతే నీకేం ఇబ్బంది లేదు కదా?" అని అడిగింది. హుదా అప్పుడప్పుడూ ఆ రాజ్యం గురించి పేరు లేకుండా నాలుగు మాటలు రాస్తుందని ఆమెకు తెలుసు.

"నేనని ఎవరికీ తెలియదు" అంది హుదా. "సెలవులకు వెళ్లినప్పుడు ఒకసారి జైలు ముందు నిలబడ్డాను. మా టీచర్లను లోపల వేశారు. వాళ్లను వదలమని మేం కొంతమందిమి నిలబడ్డాం. పోలీసులు వీడియో తీశారు. తీస్తే తీయనీ, అందరం కళ్లదాకా కప్పుకునే ఉన్నాం."

ఖుష్నుమా చేతిలో మడత ఆగింది. 'మేం అమ్మింది గేటు దగ్గర పాస్‌పోర్టులు చూడ్డానికే కదా, పాత వీడియోలతో దానికేం సంబంధం' అని తనకు తనే చెప్పుకుంది. కంపెనీ విషయాలు బయట మాట్లాడకూడదన్న సంతకం ఒకటుంది. తల్లి చావుబతుకుల్లో ఉంటే వెళ్లొద్దని ఏ నోటితో అంటుంది? చున్నీ మడతపెట్టి పెట్టెలో పెట్టింది.

రైళ్లు మళ్లీ కదిలాక హుదా ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లి విమానం ఎక్కబోతూ ఒక మెసేజ్ పెట్టింది. ఆ తర్వాత ఖుష్నుమా పంపినవేవీ ఆమెకు చేరలేదు.

పగళ్లు కిటికీ దగ్గర గడిచాయి. పైఅంతస్తులో అడుగుల చప్పుడు లేదు. ఆ చప్పుడుకు తను ఎంతగా అలవాటుపడిందో ఖుష్నుమాకు అప్పుడే తెలిసింది. మంచు కరిగి గట్టు మీద గడ్డి మొలిచాక, లండన్‌లో ఉండే హుదా పినతల్లి కూతురి ద్వారా సంగతి తెలిసింది. విమానం దిగగానే పట్టుకున్నారు. జైలు ముందు నిలబడ్డ వీడియోలో ఉన్నది నువ్వేనన్నారు. కాదని హుదా అంటే, ఆమె కళ్లూ వీడియోలోని కళ్లూ పక్కపక్కన పెట్టి చూపించారు. తల్లి చనిపోయింది. కూతురిని కడసారి చూపుకు కూడా పంపలేదు.

ఆ రోజు ఖుష్నుమా అన్నం వండుకుంది. తినలేక గిన్నె మూతపెట్టి బల్ల మీద తల ఆనించింది.

మరునాడు లూడర్స్‌తో వీడియోలో మాట్లాడింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆమె తండ్రి చనిపోయినప్పుడు టికెట్ తానే బుక్ చేసి పంపినవాడు.

"మన సాఫ్ట్‌వేర్‌ను వాళ్లు పాత వీడియోల మీద వాడుతున్నారా?"

"కొన్నవాళ్లు ఏం చేస్తారో మనకు చెప్పరు ఖుష్నుమా. మనం అడగం కూడా. అనుమతి ఇచ్చింది ప్రభుత్వం." కాసేపు నీళ్లు నమిలాడు. "మనం అమ్మకపోతే ఇంకొకరు అమ్ముతారు. వాళ్లకు మీరు వేసిన ఈ ప్రశ్న కూడా తట్టదు."

ఆ కంపెనీలో ఆమెకు తోడున్న తెలుగు మనిషి భానుమతి ఒక్కతే. తెనాలి మనిషి. భర్త, ఇద్దరు పిల్లలు, కొత్తగా కొన్న ఇల్లు. ఖుష్నుమా ఫోన్లో అంతా చెప్పుకుంది. వెనకాల పిల్లవాడు "మామా, ఇష్ హాబే హుంగా!" అని తల్లిని జర్మన్‌లో పిలుస్తూ ఆకలి పాట పాడుతున్నాడు.

"ఉండరా, పెడతా!" అని వాణ్ణి అదిలించి భానుమతి గొంతు తగ్గించింది. "ఖుష్నూ, నా మాట విను. ఆ దేశంతో అమెరికా మాట్లాడుద్ది, వీళ్లు మాట్లాడతారు, మనోళ్లు మాట్లాడతారు. అందరికీ ఆయిల్ కావాలి. మధ్యలో నువ్వెంత, నేనెంత? నీ తమ్ముడు తింటుంది కూడా ఆ రాజుగారి ఉప్పే కదే."

"అదే కదక్కా నన్ను తింటున్నది" అంది ఖుష్నుమా. "నేను చూపించిన దారిలనే పోయి ఆ పిల్లను పట్టుకున్నరు. ఆ కళ్లు నా దగ్గర కూర్చునే ఫొటో దిగినయ్."

"నీ ఫొటో వాళ్లకి పోలేదుగా!"

"ఫొటో పోలే. దాంతోని మిషన్‌కు వచ్చిన తెలివి పోయింది."

పిల్లాడికి అన్నం పెట్టాలని చెప్పి భానుమతి ఫోన్ పెట్టేసింది.

ఆ వేసవిలో ఆ నియోజకవర్గపు ఎంపీ ఆన్‌లైన్‌లో ప్రజలతో మాట్లాడే గంట ఒకటి పెట్టాడు. సైకిల్ దారుల గురించి, టీకా అపాయింట్‌మెంట్ల గురించి ప్రశ్నలయ్యాక ఖుష్నుమా వంతు వచ్చింది. తన జర్మన్ తడబడకుండా ముందే వల్లె వేసుకుంది. మన ఊళ్లో చదువుకున్న అమ్మాయి, మన ఊళ్లో తయారైన వస్తువు వల్ల గల్ఫ్‌లో ఒక రాజుగారి జైల్లో ఉంది, అలాంటి రాజ్యంతో మీరు వ్యాపారం ఎందుకు కొనసాగిస్తున్నారు, అని అడిగింది.

ఎంపీ శ్రద్ధగానే విన్నాడు. "తలుపు మూసేస్తే తట్టడానికి తలుపంటూ ఉండదు" అన్నాడు. "సంబంధాలుంటేనే అడగగలం. వెళ్లిన ప్రతిసారీ ఖైదీల సంగతి ఎత్తుతాం. బహిరంగంగా చెబితే వాళ్లకే చేటు. మీ స్నేహితురాలి పేరు మా ఆఫీసుకు పంపండి."

ఇంకా అడగాలని నోరు తెరిచేసరికి ఆమె మైకు ఆగిపోయింది. తర్వాతి ప్రశ్న కిండర్‌గార్టెన్ల గురించి. తన ప్రశ్నకు ఆయన తప్పు చెప్పాడని ఖుష్నుమాకు అనిపించలేదు. పూర్తిగా నిజం చెప్పాడనీ అనిపించలేదు. తెర మూసేశాక వంటింట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

యూనివర్సిటీ వాళ్లు కొందరు శనివారాలు మార్కెట్ చౌక్‌లో హుదా ఫొటో పట్టుకుని నిలబడేవారు. పట్టుమని పదిమంది కూడా ఉండరు. ఖుష్నుమా వెళ్లి చివర నిలబడేది. కూరగాయల సంచులతో పోయేవాళ్లు "మొయిన్" అని పలకరించి, ఫొటో వైపు ఒకసారి చూసి సాగిపోయేవారు. ఆమెకు అదే పెద్ద ఊరట. వారంలో ఆ గంటసేపైనా హుదా పేరు ఎవరో ఒకరు పైకి పలికేవారు.

రెండో నెలలో బాసిత్ ఫోన్ చేశాడు. సలాం కూడా చెప్పలేదు.

"ఆపా, ఇంటర్నెట్ల ఫొటో చూసిన. హుదా ఎవరో నాకు తెల్వదు. నువ్వు మాత్రం నాకు తెలుసు. మాస్కు పెట్టుకున్నవ్, తలకు టోపీ పెట్టుకున్నవ్. అయినా చూడంగనే పట్టిన."

ఖుష్నుమా లేచి కిటికీ మూసింది.

"నేనే పట్టిన్నంటే వాళ్లకెంత సేపు? అమ్మీ ఈడనే ఉంది ఆపా. ఆమెకు షుగర్. మమ్మల్ని దేశం నుంచి ఎల్లగొడితే ఏడికి పోవాలె?"

"అమ్మీకి తెలుసా?"

"చెప్పలే. నువ్వు పోనని మాటియ్యి, చెప్పను."

ఆమె మాట ఇచ్చింది. ఆ తర్వాతి శనివారం పొద్దున కోటు తొడుక్కుని, మళ్లీ విప్పి కొక్కేనికి తగిలించింది. కిటికీలోంచి ట్రామ్ వెళ్లడం చూస్తూ నిలబడింది. రాజ్యానికి తన సాఫ్ట్‌వేర్ అమ్మినప్పుడు అది ఇంతదూరం, తన వంటింటి దాకా చూస్తుందని ఆమె అనుకోలేదు.

చౌక్‌లో నిలబడలేకపోయింది కానీ ఊరికే కూర్చోనూ లేకపోయింది. ఎంపీ ఆఫీసుకు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుంది. అక్కడొక సహాయకురాలు, బహుశా ఖుష్నుమా ఈడుదే, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది. ఖుష్నుమా తన పేరు బయటికి రాకూడదని మాట తీసుకుని, ఆ సాఫ్ట్‌వేర్ ఏం చేయగలదో వివరంగా చెప్పింది. గేటు దగ్గరే కాదు, వీడియో ఏదైనా సరే, కళ్లు కనిపిస్తే చాలని చెప్పింది. సహాయకురాలు రాయడం ఆపి తల ఎత్తింది.

"అనుమతి అడిగినప్పుడు ఇది చెప్పారా?"

"నాకు తెలియదు. నన్ను ఎవరూ అడగలేదు."

మరుసటి సోమవారం బృందం మీటింగులో కొత్త పని పంచారు. అదే రాజ్యానికి రెండో విడత. ఈసారి వీధి కెమెరాలకు. ఖుష్నుమా మైకు తెరిచింది. "నేను ఈ పని చేయను" అంది. ఎందుకో చెప్పింది. తెర మీద చిన్న చిన్న గడుల్లో ముఖాలన్నీ అలాగే ఉండిపోయాయి. ఒక్క మైకూ తెరుచుకోలేదు. భానుమతి కెమెరా ఆపేసుకుంది. కాసేపటికి లూడర్స్ దగ్గి, "తర్వాతి అంశానికి వెళ్దాం" అన్నాడు.

ఆమెను ఎవరూ తీసేయలేదు. వేరే పని ఇస్తామన్నారు. ఆమే రాజీనామా చేసింది. డెగ్గెన్‌డార్ఫ్‌లో టెక్నికల్ కాలేజీ ల్యాబులో ఉద్యోగం దొరికితే, ఆ చలికాలంలోనే ఇల్లు ఖాళీ చేసి దేశం ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లింది. భానుమతి స్టేషన్‌కు వచ్చింది. చేతిలో గోంగూర పచ్చడి సీసా. ప్లాట్‌ఫామ్ మీద ఇద్దరూ మాస్కులతో, చేయి చాచినంత దూరంలో నిలబడ్డారు.

"నామీద కోపంగా ఉందా?" అంది భానుమతి.

"లేదక్కా. నీకు పిల్లలున్నరు."

"అట్టా అనమాక. అది ఇంకా బాధగా ఉంటది."

డెగ్గెన్‌డార్ఫ్‌లో డానూబ్ పక్కన ఒక గది తీసుకుంది. ఊరు చిన్నది. ఆదివారం నడిచి వస్తే గంటలో అయిపోతుంది. ఎవరూ తెలియరు. బవేరియా యాస సగం అర్థం కాదు. కాలేజీలో తెలుగు పిల్లలు చాలామంది. కానీ వాళ్లు ఆమెను మేడమ్ అని దూరంగానే ఉంచుతారు. పండక్కి వండుకున్నది మూడు పూటలు తినాల్సి వచ్చేది.

ఆ వసంతంలో బెర్లిన్ నుంచి పెద్ద బృందం ఆ రాజ్యానికి వెళ్లింది. గ్యాస్ గురించి, పెట్టుబడుల గురించి. తిరిగి వచ్చిన వారంలో రాజుగారు కొందరు ఖైదీలను దయతలచి విడిచిపెట్టినట్టు వార్త వచ్చింది. అందులో హుదా పేరుంది. ఆ పేరు బృందం చేతికి ఎలా వెళ్లిందో, ఎంపీ ఆఫీసు పంపిందో, లండన్‌వాళ్లు పంపారో ఖుష్నుమాకు ఎవరూ చెప్పలేదు.

మొదట ఫోన్ చేసింది భానుమతే. "చూశావా! వెళ్లబట్టే కదా వదిలారు. తలుపు మూసుంటే ఆ పిల్ల ఇంకా లోపలే ఉండేది."

"నిజమే అక్కా" అంది ఖుష్నుమా. కళ్లు తుడుచుకుంది. "ఆ తలుపుల నుంచే మనం సరుకు పంపినం. అది పోకుంటే ఆ పిల్ల లోపలికే పోయేది కాదు."

"రెండూ నిజమైతే మరేం చెయ్యాలే?"

"నాకు తెల్వదక్కా."

ఫోన్ పెట్టేముందు భానుమతి మెల్లగా, రెండో విడతకు కూడా సంతకాలైపోయాయని చెప్పింది.

హుదా ఫోన్ మరో నెలకు వచ్చింది. గొంతు అదే, కానీ మాటలు ఎవరో పక్కన కూర్చుని వింటున్నట్టు ఆచితూచి వస్తున్నాయి. తన మీద ప్రయాణ నిషేధం ఉందని, నాన్నతోనే ఉంటున్నానని, అందరూ బాగా చూసుకుంటున్నారని చెప్పింది. తన నీటి నమూనాలు ఫ్రీజర్‌లో ఉన్నాయట, వాటిని ఇంకెవరైనా విద్యార్థికి ఇచ్చేయమని ప్రొఫెసర్‌కు చెప్పమంది.

ఖుష్నుమా ఏడాదిగా గొంతులో మోస్తున్న మాట ఒకటుంది. పెట్టె సర్దిన రోజున అనాల్సిన మాట. ఇప్పుడు అంటే వినేవాళ్లు హుదా ఒక్కతే కాదు.

"హుదా, ఆ రోజు నేను..."

"వద్దు" అంది హుదా వెంటనే. ఆ ఒక్క మాటలో పాత హుదా వినిపించింది. "నువ్వు అలసిపోయి ఉంటావు. ఇక ఫోన్ చేసి ఇబ్బంది పడకు."

ఫోన్ పెట్టేసింది. హుదా అంతా తెలిసి అందో, తెలియక అందో, క్షమించి అందో, భయపడి అందో ఖుష్నుమా తేల్చుకోలేకపోయింది.

కొత్త సెమిస్టర్‌లో ఒక సాయంత్రం ల్యాబు ముగిశాక సహస్ర అనే అమ్మాయి వెళ్లకుండా ఆగింది. కరీంనగర్ పిల్ల. చదువు అయిపోవస్తోంది.

"మేడమ్, మీరు బ్రెమెన్ల చేసిన కంపెనీల ఓపెనింగ్స్ పడ్డయ్. రిఫర్ చేస్తరా?"

ఖుష్నుమా కుర్చీ చూపించింది. కాలేజీ వాళ్లకు గానీ, ఇంట్లో తల్లికి గానీ చెప్పనిదంతా ఆ అమ్మాయికి చెప్పింది. బయట వాన మొదలై ఆగింది. సహస్ర మధ్యలో ఒక్కసారి కూడా ఫోన్ చూసుకోలేదు.

"అయితే అప్లై చెయ్యొద్దంటరా మేడమ్?"

"వద్దనను. నీ వీసా, నీ లోన్ నాకు తెలుసు. ఏం చేయిస్తరో, ఎవరికి అమ్ముతరో ఇంటర్వ్యూలనే అడుగు. నేను అడగలే."

సహస్ర బ్యాగు పట్టీ వేళ్లకు చుట్టుకుంటూ ఆలోచించింది. "అట్ల అడిగితే జాబ్ ఇస్తరా మేడమ్?"

"ఇయ్యకపోవచ్చు" అంది ఖుష్నుమా. ఆ పిల్లకు అబద్ధం చెప్పాలనిపించలేదు. సహస్ర లేచి, బస్సు టైమైందని చెప్పి వెళ్లింది. ఖుష్నుమా యంత్రాలు ఒక్కొక్కటే ఆపి, ల్యాబుకు తాళం వేసి, తడిసిన రోడ్డు మీద గది వైపు నడిచింది.